సున్నం ఆరేలోపు

నన్ను "ఏమే" అని పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద ఒక్కరూ మిగల్లేదు. కూరల బండి అతను అమ్మా అంటాడు. కాలేజీలో ముప్ఫై ఏళ్ళు మేడమ్ అన్నారు. నేనుంటున్న ఇంటి ఓనరమ్మ నాకంటే పదేళ్ళు పెద్దది, ఆవిడ కూడా "కాత్యాయని గారూ, కుళాయి వస్తోంది" అంటుంది. మర్యాదకేమీ లోటు లేదు. ఆ మర్యాదే నాకు మొహం మొత్తింది.

మా వెబ్‌సైటు గురించి పత్రికలవాళ్ళు చాలానే రాశారు. యంత్రం గురించి రాశారు, లక్షలమంది శ్రోతల గురించి రాశారు, నా ఫొటో కూడా వేశారు. అందులో తలనొప్పితో ఉన్నదానిలా ఉంటాను. అసలు ఇదంతా ఎందుకు మొదలుపెట్టావమ్మా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగుంటే పై మాటే చెప్పేదాన్ని.

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సిమెంటు, సున్నం, ఇటుక పరీక్షించే ల్యాబ్‌లో పనిచేశాను. నేను పుట్టి పెరిగిన తుమ్మలేరు చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చాలా కాలమైంది. దాని కాలనీని కూడా పడగొడుతున్నారని తెలిసి, ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. మాది సి-17. తలుపుల్లేవు, గడపల్లేవు. ముందుగది గోడ మీద మాత్రం సున్నం దళసరిగా ఉంది. అరచేతంత పెచ్చు ఊడదీసి, కొంగులో చుట్టుకుని తెచ్చుకున్నాను.

ఆ పెచ్చు అంచుని భూతద్దంలో చూస్తే ఏడాదికొకటి చొప్పున పొరలు కనిపించాయి. మా కాలనీలో ఒక పద్ధతి ఉండేది. చెరకు ఆడే క్రషింగ్ సీజన్ మొదలయ్యే ముందు ఫ్యాక్టరీ సున్నం ఇచ్చేది. వరుసకంతా కలిపి ఒకే తొట్టిలో నానబెట్టేవారు. సున్నం ఒకటే కాబట్టి ఆ వరుసలో అందరూ ఒకే ఆదివారం వెల్లవేసుకోవాలి. మంచాలూ బిందెలూ బీరువాలూ అన్నీ వీధిలోకొచ్చేవి. ఆ రోజు కాలనీ అంతా ఒకటే అరుపులు.

పొరల్ని లేజరు కింద పెట్టి, అవి ఎంత గట్టివో కొలవబోయాను. ప్రతి పొరలోనూ సన్నటి అలలు కనిపించాయి, అవి ఒక తీరుగా లేవు. ఆ గీతల్ని శబ్దంగా మార్చి చూద్దామని ఎందుకు బుద్ధి పుట్టిందో ఇప్పటికీ చెప్పలేను. చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకున్నాను. కాసేపు గరగర. తరవాత ఒక మగగొంతు, చెవి పక్కనే ఉన్నట్టు:

"ఒరే, గోడకి ఆనుకోమాకరా! చొక్కాకి అంటుద్ది!"

హెడ్‌ఫోన్ తీసి పారేసి వెనక్కి చూశాను. ల్యాబ్‌లో నేను తప్ప ఎవరూ లేరు.

తరవాత తెలిసింది, తడి సున్నం ఆరే నాలుగైదు గంటల్లో దాని దగ్గర ఏ శబ్దమైతే అది దాన్ని సన్నగా వణికిస్తుందని. ఆ వణుకుతోనే గట్టిపడుతుంది. ఒకసారి ఆరిందా, ఇక ఏమీ వినదు. మళ్ళీ ఏడాది దాని మీద ఇంకో పొర.

చిక్కులు రెండు. యంత్రం చదివేటప్పుడు ఆ పొర కాలి ఆవిరైపోతుంది, ఒక్కసారే చదవగలం, అప్పుడు రికార్డయిందే మిగులుతుంది. రెండోది, సున్నంలో ఏం కలిపారో ముందే తెలియాలి. ఉట్టి సున్నమైతే ఒక వేగం, గంజి పోసినదైతే బాగా నెమ్మది. రంగు చేతికి అంటకుండా చాలామంది గంజి పోసేవారు కదా. వేగం తప్పిందా, పొర పోతుంది, శబ్దమూ రాదు.

*

ఫజులుల్లా అప్పుడు వచ్చాడు. అతనిది కాలనీలో డి వరుస, నాకంటే పదేళ్ళు చిన్న. "చెరకుపిప్పి" అని ఒక వెబ్‌సైటు నడిపేవాడు. క్యాంటీన్ బోర్డు, ఫ్యాక్టరీ సైరన్, స్కూలు గ్రూపు ఫొటోలు, అలాంటివన్నీ పెట్టేవాడు. రోజుకు అరవైమంది చూసేవారట, అందులో సగంసార్లు తనేనని నవ్వుతూ చెప్పాడు.

సి-17 గొంతు వినిపించాను.

"మేడమ్, ఇది మీ ల్యాబ్‌లో ఉంటే నలుగురు సైంటిస్టులు చదువుతారు. నా సైట్లో పెట్టండి, కాలనీ అంతా మళ్ళీ లేచి కూర్చుంటది."

బుల్డోజర్లు రావడానికి వారం ముందు సైట్లో కబురు పెట్టాడు, మీ మీ క్వార్టర్ల నుంచి పెచ్చులు తీసుకోండని. మూడువందలమంది వచ్చారు. పలుగులూ పారలూ ఎవరి దగ్గరా లేవు, అందరి చేతుల్లో అట్లకాడలు, టిఫిన్ డబ్బాలు. వయసు మళ్ళిన మనుషులు ముక్కు మూసుకుని గోడలు గోకుతుంటే నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి నాకు.

ప్రతి ఆదివారం పదింటికి ఒక పొర. కింద "విన్నవారు" అని ఒక లెక్క. "ఎవరి గొంతో చెప్పండి" అని ఒక పోటీ. ఏ వరుసలో ఏ నంబరులో ఉండేవారో పేరు పక్కన వేసుకునే వీలు. ఇవన్నీ ఫజులుల్లా ఆలోచనలే. అరవైమంది ఆరువేలయ్యారు, ఏడాది తిరిగేసరికి ముప్ఫైవేలయ్యారు. కాలనీతో సంబంధం లేనివాళ్ళు కూడా తమ ఊళ్ళ నుంచి పెచ్చులు పార్సిల్ చేయడం మొదలుపెట్టారు.

విచిత్రమేమిటంటే, గోడలకు తెలిసింది వెల్ల రోజు ఒక్కటే. పెళ్ళి మాటలూ లాలిపాటలూ వినాలని ఆశపడి వచ్చినవాళ్ళకు వినిపించేది "ఆ బల్ల పట్టు", "నీ కళ్ళేమయ్యాయి", "ముట్టుకోకు, ఇంకా ఆరలేదు" అనే. అయినా ఏడ్చేవారు. "నన్నే తిడుతోంది మా నాయనమ్మ, ఇంకోసారి వినిపించండి" అని రాసేవారు. అడ్మిన్ అనే పేరుతో నేను జవాబులిచ్చేదాన్ని. ఆ తరవాత కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకున్న కూర వేసుకుని, ఫోన్ పక్కన పెట్టుకుని అన్నం తినేదాన్ని. అంతమంది మాట్లాడుతుంటే ఒంటరిగా ఉన్నట్టుండదు అనుకునేదాన్ని. ఉండేది.

*

నాకు కావలసింది జనం కాదు. మా అక్క గొంతు.

మా అక్క ఇందుమతి పంతొమ్మిదేళ్ళకు కామెర్లతో పోయింది. ఎనభైనాలుగు ఫిబ్రవరి. నాకప్పుడు పదమూడు. అక్క ఫొటో ఒకటుంది, ఎవరిదో పెళ్ళిలో వెనక వరుసలో, సగం మొహం. గొంతు ఎక్కడా లేదు. మా ఇంట్లో టేప్ రికార్డరు లేదు. నన్ను అందరూ కాత్యాయని అనేవారు, అక్క మాత్రం దొండపండు అనేది. నవ్వితే చెంపలు అలా ఎర్రబడేవట. అమ్మ, నాన్న పోయాక ఆ పేరు తెలిసినవాళ్ళే లేరు. ఆ పేరు ఏ గొంతుతో పిలిచేదో నాకే మరుపొచ్చింది. పేరు గుర్తుంది, గొంతు లేదు. ఈ ముక్క ఎవరికి చెప్పినా అర్థం కాదు.

నా పెచ్చులో పై పొరలన్నీ మా తరవాత సి-17లో ఉన్నవాళ్ళవి. ఒక్కొక్కటే చదువుకుంటూ ఎనభైనాలుగు దాకా వచ్చి ఆగిపోయాను. ఆ కిందది ఎనభైమూడు సీజన్‌ది, అక్క ఉన్న చివరి వెల్ల. ఆ ఏడు వరుసంతా పాత సున్నం గీకేసి వేశారు కాబట్టి దాని కింద ఇంకేమీ లేదు, అదీ గోరంత మేర మాత్రమే మిగిలింది. చదవడానికి భయం వేసింది. వేరే గోడలో ఎక్కడైనా అక్క గొంతు పడి ఉంటుందేమో, ముందు అది దొరికితే బాగుండునని చూశాను. ఎంతమంది వస్తే అన్ని పెచ్చులు. అందుకే జనం పెరగాలని ఫజులుల్లా కంటే నేనే ఎక్కువ ఆరాటపడ్డాను. అందుకే ఆ రూలు కూడా నేనే పెట్టాను: పెచ్చు ఎవరు పంపినా, అందులో ఏమున్నా, అందరికీ వినిపిస్తాం.

శేషగిరి అనే అతను పంపాడు, సి-18 నుంచి. మా పక్క క్వార్టరే, మధ్య గోడ ఒకటే. ఎనభైఏడు నాటి పొర, ఆ పెచ్చులో అన్నిటికంటే అడుగుది. సున్నం బకెట్ తన్నేసిన చప్పుడు, ఆయన తండ్రి బూతులు, ఒక దెబ్బ. కాసేపటికి ఆయన తల్లి గొంతు, ఏమీ జరగనట్టే: "గోడ ముట్టుకోకు నాన్నా, అంటుద్ది."

సైట్లో పెట్టేముందు పంపితే, విని శేషగిరి ఫోన్ చేశాడు. "నాకు గుర్తుందండి ఆ రోజు. అందులో ఇది ఉంటదనుకోలేదు. దయచేసి పెట్టకండి. మా అమ్మ బతికుండగా ఎవరికీ చెప్పుకోలేదు."

"రూలు చదివే కదా పంపారు?" అన్నాను.

"చదివానండి."

"ఒకరికి మినహాయిస్తే అందరూ అడుగుతారు."

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఫజులుల్లా దానికి "సి-18లో గొడవ" అని పేరు పెట్టాడు. ఒక్కరోజులో రెండు లక్షలమంది విన్నారు. "అప్పట్లో మగాళ్ళు మగాళ్ళే" అని ఒకడు, నవ్వే బొమ్మలు పెట్టి ఇంకొకడు. శేషగిరి సైటు నుంచి వెళ్ళిపోయాడు. ఆ వారం నాకు నూటపదకొండు పెచ్చులొచ్చాయి. వాటిలో ఏ ఒక్కదానిలోనూ అక్క లేదు.

*

"మేడమ్, మీ పెచ్చే లైవ్‌లో తీద్దామండి," అన్నాడు ఫజులుల్లా ఆ వేసవిలో. కాలనీవాళ్ళ కలయిక పెట్టుకున్నాం, ఒక కల్యాణ మండపంలో. "అందరి ఇళ్ళూ విన్నాం. అడ్మిన్ ఇల్లు ఒక్కటే వినలేదు. జనం అడుగుతున్నారు."

"గంజి ఉందో లేదో చూడాలి," అన్నాను.

చూడడానికి ఒక చుక్క అయొడిన్ చాలు. గంజి ఉంటే నీలంగా మారుతుంది. కానీ చుక్క పడినంత మేర శబ్దం చెడిపోతుంది. మిగతా పెచ్చులకు ఒక మూల వదిలేసుకునేవాళ్ళం. గోరంత పొరలో మూల ఎక్కడినుంచి వస్తుంది?

సైట్లో అడిగాను, సి వరుసవాళ్ళెవరికైనా గుర్తుందా అని. మా ఇంట్లో పోసేవారు, మా ఇంట్లో పోయలేదు, మేము బంక కలిపేవాళ్ళం అని నాలుగువందల జవాబులు. మా ఇంటి సంగతి చెప్పగలిగినవాళ్ళు ఒక్కరు లేరు. ఎందుకుంటారు? ఆ ఇంట్లో ఉన్న నలుగురిలో ముగ్గురు పోయారు, నాలుగోదాన్ని నేను.

నాకు గట్టిగా గుర్తున్నది ఒకటే. అమ్మ గంజి పోయనిచ్చేది కాదు. చీమలు పడతాయని ఆవిడ గోల. ఏటేటా ఇదే మాట. ఇంకేం కావాలి? యంత్రం వేగాన్ని ఉట్టి సున్నానికి మీట తిప్పి పెట్టాను.

ఆదివారం ఉదయం పదిన్నర. మండపంలో ఐదువందలమంది, సైట్లో లక్షా ఎనభైవేలు. యంత్రం మొదలైంది. పెనం మీద నీళ్ళు చల్లినట్టు చుయ్ మంది. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకున్నాను. పదకొండు నిమిషాలు అదే చప్పుడు. తరవాత చప్పుడు కూడా లేదు.

వెనక కుర్చీలో ఒకావిడ ముక్కు చీదింది. తెర మీద దండాలు పెట్టే చేతులు వేలకొద్దీ పైకి పోతున్నాయి.

"ఒకేసారి ఇంతమంది ఎప్పుడూ రాలేదు మేడమ్," అన్నాడు ఫజులుల్లా మెల్లగా. అన్న వెంటనే నాలిక కరుచుకున్నాడు. అతని మీద కోపం రాలేదు. రెండేళ్ళుగా రోజూ నేను అడిగింది ఆ అంకే కదా.

మర్నాడు ల్యాబ్‌లో, కాలిపోయిన చోటి అంచున కాలకుండా మిగిలిన పొడి మీద ఒక చుక్క అయొడిన్ వేశాను. నీలం.

అమ్మ గంజి పోసిందా? అమ్మా? ఎంత ఆలోచించినా నమ్మకం కుదరలేదు. ఆ నీలం చుక్క ముందు కూర్చుని, మా ఇంటి గురించి నాకు ఏమీ తెలియదన్నంత దిగులు పడ్డాను. మా అక్కని రెండోసారి పోగొట్టుకున్నాను, ఈసారి చంపింది నేనే అనిపించింది. సైటు తెరవలేదు. ఓనరమ్మ పైకొచ్చి "ఒంట్లో బాలేదా అండీ?" అని అడిగితే, "బానే ఉందండీ" అన్నాను.

*

రెండు నెలలకు ఒక పార్సిల్ వచ్చింది. పాత స్వీట్ల డబ్బాలో దూది, దూదిలో వెడల్పాటి పెచ్చు. చిన్న కాగితం.

"కాత్యాయని గారికి నమస్కారం. ఆ రోజు మీ లైవ్ చూశాను. నా దగ్గర ఇంకో పెచ్చు ఉంది, మీకూ మాకూ మధ్య గోడది, మావైపు. ఆ వరుసలో అందరికీ వెల్ల ఒకే రోజు కదా. మీవాళ్ళ గొంతు ఇటు పడి ఉండొచ్చు. మీ రూలు మీ ఇష్టం. శేషగిరి, సి-18."

ఆ కాగితం చదివి సిగ్గుతో చచ్చిపోయాను. అన్నాళ్ళూ ఊరూరి గోడలు వెతికాను. మా గోడకు ఇంకో వైపు ఉందని ఈ సున్నాల సైంటిస్టుకి తట్టలేదు. ఆ వైపు మనిషిని నేనే తరిమేశాను.

ఫోన్ చేశాను. "మీరు వస్తేనే తీస్తాను," అన్నాను. "ఇది సైట్లో పెట్టను. ఆ పాతది కూడా ఇవాళే తీసేస్తున్నాను. తీసేసినంత మాత్రాన విన్నవాళ్ళు వినకుండా పోరు, నాకు తెలుసు."

"శనివారం వస్తానండి," అన్నాడు.

ఫజులుల్లాకి చెబితే తల పట్టుకున్నాడు. "రూలు తీసేస్తే ఎవరు వస్తారు మేడమ్? దాచుకునేదానికి సైటెందుకు?"

"పోతే పోనీ ఫజులూ."

"కాలనీ మళ్ళీ పోద్దండి."

అతని బాధ నిజమే.

శేషగిరి నలభైనాలుగేళ్ళ మనిషి, జుట్టు అప్పుడే నెరిసింది. శనివారం మధ్యాహ్నం వచ్చి, చెప్పులు ల్యాబ్ బయటే విడిచాడు. నేను వద్దన్నా వినలేదు. ఈసారి మూల వదులుకుని పరీక్ష చేశాను. ఉట్టి సున్నం. పై పొరలన్నీ తీసుకుంటూ ఎనభైమూడుకి వచ్చేసరికి నాలుగయింది. ఇద్దరం చెరో హెడ్‌ఫోన్ పెట్టుకున్నాం.

బకెట్ చప్పుడు. పసిబిడ్డ ఏడుపు. "నేనే అనుకుంటానండి," అన్నాడు శేషగిరి. "అప్పటికి రెండేళ్ళు నాకు." తరవాత చాలాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి, గోడ అవతల నుంచి, కొంచెం బొంగురుగా:

"పిన్నిగారూ! గంజి వార్చేశారా? కాస్తుంటే మా సున్నంలో పోసుకుంటానండీ."

"మీ అమ్మ చీమలు పడతాయంటది కదే?"

"అమ్మ ఊళ్ళో లేదుగా. చెప్పకండేం. చీమలు పడితే పడనీండి, నా ఓణీకి అంటకుంటే అదే చాలు."

శేషగిరి తల్లి నవ్వింది. గలగలా, పొట్ట పట్టుకుని నవ్వినట్టు. శేషగిరి హెడ్‌ఫోన్‌ని రెండు చేతులతో చెవులకు అదుముకున్నాడు. ఆవిడ నవ్వడం ఆయన ఎప్పుడూ వినలేదని తరవాత చెప్పాడు.

"దొండపండూ!" అంది అక్క. "ఏమే, వినపడట్లా? గిన్నె పట్టుకెళ్ళు పిన్నిగారింటికి."

"వస్తన్నా," అని ఒక పిల్ల గొంతు. కాళ్ళ పట్టీల చప్పుడు, గుమ్మం దాకా.

ఆ గంజి తెచ్చింది నేను. వేడి గిన్నె, పావడా చెంగుతో పట్టుకుని ఉంటాను. అమ్మకు చెప్పనని ఒట్టు కూడా వేసే ఉంటాను. ఒక్క ముక్క గుర్తులేదు నాకు. అది గుర్తుండి ఉంటే మా గోడ పాడయ్యేది కాదు. అక్క ఇంకా ఎన్ని మాటలు అనేదో మా గోడలో, గంటలకు గంటలు. గిన్నె మోసిన మనిషిని నేనే, మీట తప్పు తిప్పిన మనిషినీ నేనే.

ఏడ్చాను. దాచుకోవడానికి ఏముంది? వెక్కి వెక్కి ఏడ్చాను.

శేషగిరి మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. "ఆ దొండపండు మీరేనా అండీ?"

"నేనే. గుర్తున్నానా నీకు?"

"లేదండి," అన్నాడు. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం చూసి, చెప్పలేకపోయాడు. "రెండేళ్ళవాణ్ణి కదండీ." వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, "వస్తానండీ మేడమ్," అన్నాడు.

*

చెరకుపిప్పి ఇప్పటికీ ఉంది. పెచ్చు పంపినవాళ్ళు ఒప్పుకుంటేనే పెడతాం. ఫజులుల్లా కొన్నాళ్ళు అలిగి, మళ్ళీ వచ్చాడు. రోజుకు ఏడెనిమిదివందలమంది చూస్తున్నారు, ఎక్కువగా ముసలివాళ్ళు.

సి-18 పొరకు కూడా ఒక పేజీ చేయించాను, తాళం వేసి. అది తెరవగలిగేది ఇద్దరమే. ఫజులుల్లా కట్టిన సైటు కదా, ఆ పేజీ కింద కూడా లెక్క దానంతటదే పడుతుంది.

ఇవాళ అన్నం తినేముందు చూశాను. విన్నవారు: ఇద్దరు. విన్న సార్లు: నాలుగువందల పన్నెండు. అందులో శేషగిరివి తొమ్మిది.